మా ఊరి చెరువులో బెంగళూరు నీళ్ళు

గడచిన సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, వానలు లేని నెలలో నిండుగా ఉన్న మా చెరువును నా జీవితంలో మొదటిసారి చూశాను. మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో ఒక చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, మామిడితోపుల్లో బేరసారాలకు రెండూ కలిసిన భాష. నా చిన్నతనంలో ఆ చెరువు మాకు క్రికెట్ మైదానం. నీళ్ళు ఉండవలసిన చోట సర్కారు తుమ్మ మొలిచి, తూము దగ్గర మేకలు పడుకునేవి. ఇప్పుడు అక్కడ నీటికోళ్ళు ఈదుతున్నాయి. సంతోషం పట్టలేక చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దురా, అవి మీ ఊరి నీళ్ళు" అంది.

మీ ఊరంటే బెంగళూరు. పదహారేళ్ళుగా నేను బెళ్ళందూరు చెరువుకు కూతవేటు దూరంలో కాపురం ఉంటున్నాను. మా వైపు ఇళ్ళలో వాడి వదిలిన నీళ్ళు కోరమంగళ–చల్లఘట్ట లోయలోని శుద్ధి కేంద్రాలకు చేరి, అక్కడ రెండు దశల్లో శుద్ధి అయ్యాక, పంపుల ద్వారా కోలారు జిల్లాకు వెళ్తాయి. 2018 జూన్‌లో మొదలైన ఈ పథకం కింద రోజుకు 44 కోట్ల లీటర్ల నీటిని తరలించి, వందకు పైగా చెరువులను ఒకదాని తరువాత ఒకటిగా నింపి, అడుగంటిన భూగర్భజలాన్ని పైకి తేవాలన్నది ఉద్దేశం. కాబట్టి అమ్మ అన్నది ఎత్తిపొడుపే అయినా అక్షరాలా నిజం. పొద్దున్న నేను స్నానం చేసి వదిలిన నీళ్ళు కొన్నాళ్ళకు మా పొలం పక్కకే చేరుతున్నాయి. అంతవరకు పండుగలకు నేను పట్టుకెళ్ళే మైసూరుపాకు తప్ప బెంగళూరు మా ఊరికి పంపింది పెద్దగా ఏమీ లేదు.

ఆవరణ వ్యవస్థ అన్న మాటను బడిలో కన్నడంలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే గాని, దాని అర్థం ఆ కట్ట మీద నిలబడ్డాకే నాకు కొంచెం తెలిసింది. ఒక చెరువును, ఒక అడవిని, ఒక పక్షిజాతిని పాడుచేసినవారూ ఆ పాడు ఫలితాన్ని ఒంటి మీద మోసేవారూ సాధారణంగా ఒకరే అయి ఉండరు. ఇద్దరి నడుమ ఒక వాలు ఉంటుంది. నేను ఎగువన ఉన్నాను. అమ్మ దిగువన ఉంది.

ఈ ఎగువ దిగువల లెక్క బెంగళూరు నైసర్గిక స్వరూపంలోనే ఉంది. సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, ఒక గట్టు మీద కూర్చున్న ఈ నగరానికి జీవనది లేదు. గట్టు మీద కురిసిన వాన హెబ్బాళ, కోరమంగళ–చల్లఘట్ట, వృషభావతి లోయలలోకి జారిపోతుంది. 1537లో కెంపేగౌడ కోట కట్టించడానికి ముందూ వెనుకా కూడా ఇక్కడివారు ఆ లోయల వాగులకు అడ్డంగా కట్టలు వేసి గొలుసుకట్టు చెరువులు నిర్మించుకున్నారు. ఎగువ చెరువు నిండి మరవ, అంటే అలుగు, పారితే ఆ నీళ్ళు రాజకాలువ గుండా దిగువ చెరువుకు చేరతాయి. మనిషి కట్టిన చెరువును ప్రకృతి అనవచ్చునా అని మా ఆఫీసులో ఒక మిత్రుడు వాదించాడు. కట్ట మనిషిదే, కాదనను. కాని జమ్ము, రెల్లు, చేప, కొంగ, బురదలో కంటికి కనబడని సూక్ష్మజీవి, ఇవేవీ మనం పిలిస్తే వచ్చినవి కావు. వచ్చి, వాన వేగాన్ని తగ్గించి, నీటిని భూమిలోకి ఇంకించి, మలినాన్ని వేళ్ళ దగ్గర జీర్ణం చేసి, చుట్టుపక్కల గాలిని చల్లబరిచాయి. జీతం అడగని పనివాళ్ళు కావడం వల్ల ఏ బడ్జెట్టులోనూ వాటికి పద్దు లేకపోయింది. పద్దు లేనిదాన్ని పూడ్చడం సులువు. ధర్మాంబుధి చెరువు ఉన్న చోట మెజెస్టిక్ బస్‌స్టాండు, సంపంగి చెరువు ఉన్న చోట కంఠీరవ క్రీడాప్రాంగణం వెలిశాయి. ఊరినుంచి వచ్చిన ప్రతిసారీ నేను బస్సు దిగేది ఒక చెరువు గర్భంలోనే.

చెరువులు చావడానికి దురాశ ఒక్కటే కారణమని మాత్రం నేను అనుకోను. 1974లో కావేరి నీళ్ళు నగరానికి వచ్చాయి. దాదాపు 100 కిలోమీటర్ల దూరంనుంచి, సుమారు 500 మీటర్ల ఎత్తుకు, కరెంటు ఖర్చుపెట్టి ఎక్కించే నీళ్ళు అవి. కుళాయి తిప్పితే కావేరి వస్తున్నప్పుడు చెరువుతో పని ఏముంది? పని లేని చెరువుకు పూడిక తీయించే నాథుడు ఉండడు, తూము చూసి నీళ్ళు పంచే నీరుగంటి ఉండడు. వచ్చిన కావేరి వాడకం తరువాత ఎటో ఒకవైపు పోవాలి గనుక, ఆ కాలువల గుండానే పల్లానికి పోయింది. మంచినీళ్ళ చెరువు మురుగుకుంటగా మారడానికి ఎవరూ తీర్మానం చేయలేదు. కుళాయి తిప్పడమే సరిపోయింది.

సుమారు 900 ఎకరాల బెళ్ళందూరు చెరువులో జరిగిందిదే. మురుగులోని నత్రజని, భాస్వరం ఎరువై గుర్రపుడెక్క చాపలా పరుచుకుంది. అది చచ్చి కుళ్ళితే నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయింది. బట్టల సబ్బుపొడుల్లోని నురుగు పదార్థాలు పూర్తిగా విచ్ఛిన్నం కాకుండా అడుగున బురదలో చేరి, కొత్త వానకు కదిలి, మరవ దగ్గర నీళ్ళు పైనుంచి పడినప్పుడు చిలికినట్టయి నురుగుగా లేచాయి. 2015లో ఆ నురుగు గాలికి ఎగిరి దిగువనున్న వర్తూరు చెరువు దగ్గర రోడ్డు మీద బైకుల వాళ్ళ ముఖాలకు అంటుకోవడం అందరూ చూశారు. ఆ ఏడాది మే నెలలో నురుగుకే నిప్పంటుకుంది. 2017 ఫిబ్రవరిలో మళ్ళీ మంటలు లేచాయి. 2018 జనవరిలో రేగిన మంటలు ఆర్పడానికి సైనికులు దిగవలసి వచ్చింది.

వార్తల్లో చెరువు తగలబడటం వచ్చింది గాని, మా ఇంట్లో జరిగింది ఇంకా చిన్నది, ఇంకా మొండిది. దేవుడి గదిలోని వెండి కుంకుమభరిణ వారం తిరిగేసరికి నల్లబడేది. విభూతి పెట్టి తోమితే మళ్ళీ మెరిసేది, మళ్ళీ వారానికి నల్లబడేది. వెండిలో కల్తీ ఉందని మా ఆవిడ అమ్మినవాణ్ణి చాలాకాలం తిట్టుకుంది. నిజానికి ప్రాణవాయువు లేని బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వెండిని అలా నల్లబరుస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. వెండి మీద కనబడింది గనుక అడిగాం. అదే గాలి పీల్చిన మా అమ్మాయి రాత్రిళ్ళు దగ్గుతూ లేస్తుంటే సీజను మారింది అని సర్దిచెప్పుకున్నాం. ఆ దగ్గుకు చెరువే కారణమని నేను రుజువు చేయలేను, డాక్టరు కూడా చెప్పలేదు. వేసవి సెలవుల్లో ఊరికి పంపితే తగ్గేదని మాత్రం చెప్పగలను.

మనిషి క్షేమం అంటే ఏమిటి అన్నదాన్ని ఐక్యరాజ్యసమితి పిలుపు మీద 1,360 మందికి పైగా నిపుణులు కలిసి చేసిన సహస్రాబ్ది ఆవరణ వ్యవస్థల మదింపు 2005లో ఐదు పాయలుగా విడదీసింది. భద్రత, బతుకుతెరువుకు కావలసిన వస్తువులు, ఆరోగ్యం, మనుషుల మధ్య మంచి సంబంధాలు, ఈ నాలుగింటినీ ఆసరా చేసుకుని తనకు నచ్చినట్టు బతకగల స్వేచ్ఛ. వారు పరిశీలించిన 24 ప్రకృతి సేవల్లో 15 క్షీణిస్తున్నాయని తేల్చారు. ఆ జాబితాలో ఆరోగ్యం ఉండటంలో నాకు వింత తోచలేదు. నాలుగోది చదివినప్పుడు మాత్రం, చెరువు ఎండితే మనుషుల మధ్య సంబంధాలు ఎందుకు చెడతాయని ఆశ్చర్యపడ్డాను. 2024 వేసవి దాకా.

దానికి ముందు 2022 సెప్టెంబరు వరద గురించి ఒక మాట. ఒక్క రాత్రిలో 130 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసి, పోవలసిన కాలువలు ఇరుకై, ఆగవలసిన చెరువులు పూడి, ఔటర్ రింగ్ రోడ్డు పక్క నీళ్ళు తమ పాత దారినే వెతుక్కున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళిన బొమ్మలు దేశమంతా చూసింది. కోట్ల రూపాయల విల్లాల వాళ్ళకూ నష్టం జరగడంతో అప్పుడు కొంచెం చర్చ నడిచింది.

ఆ వరదకు రెండేళ్ళు తిరగకుండానే కరువు వచ్చింది. నగరంలోని సుమారు 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని 2024 మార్చిలో ప్రభుత్వమే ప్రకటించింది. వాన ఇంకడానికి చోటు లేని నేల వరదకు ఎంత అనువో కరువుకూ అంతే అనువు; ఇవి రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. మా అపార్ట్‌మెంటులో ట్యాంకరు రోజుకు నాలుగుసార్లు వచ్చేది, తరువాత రెండుసార్లు, తరువాత ఎప్పుడు వస్తే అప్పుడు. పది సంవత్సరాలుగా ఉగాదికి పచ్చడి గిన్నెలు మార్చుకున్న ఇళ్ళవాళ్ళు వాట్సాప్‌లో ఒకరి నీటి మీటరు ఫోటోలు ఒకరు పెట్టుకుని నిలదీసుకున్నారు. అద్దెకున్నవాళ్ళు ఎక్కువ వాడుతున్నారని సొంతదారులు, పైఅంతస్తుకు నీళ్ళు ఎక్కడం లేదని పైవాళ్ళు గొడవపడ్డారు. అందులో నేనూ ఉన్నాను. అన్న మాటలు కొన్ని ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఆ ఏడాది మా మెట్ల మీద ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు. వానలు వచ్చాయి, బోరులో కొంత నీరు వచ్చింది, ఇద్దరితో మాటలు కలిశాయి.

మా ఇంట్లో పనికి వచ్చే అక్కది కదిరి దగ్గర పల్లె. కరువుకు జడిసి బెంగళూరు వచ్చిన కుటుంబం. రేకుల షెడ్డులో ఉండే ఆమెకు మా మీటరు తగాదాలు కూడా అందని భాగ్యమే. తెల్లవారుజామున బిందెల వరసలో నిలబడి, ట్యాంకరు రాకపోతే ఆ పూట రెండిళ్ళ పని పోగొట్టుకునేది. "అక్కడ నీళ్ళు లేవని ఇక్కడికొస్తిమి సార్" అని ఒకసారి నవ్వుతూ అంది. నాకు నవ్వు రాలేదు.

వరుస తప్పకుండా ఆ వేసవి వెనకే డెంగీ వచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మురుగు చెరువుల్లో పెరిగేది రాత్రిపూట కుట్టే క్యూలెక్స్ దోమ. డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు పనికిరాదు, దానికి నిలవ ఉన్న మంచినీళ్ళు కావాలి. కుళాయి నమ్మకం పోయిన ఇంట్లో డ్రమ్ములు, తొట్లు, బిందెలు నింపి పెట్టుకుంటారు. పైన మూత సరిగా లేకపోతే ఏడిస్‌కు అంతకన్నా పుట్టిల్లు లేదు. అంటే చచ్చిన చెరువు తాను స్వయంగా ఒక దోమను పెంచి, తాను లేని లోటు వల్ల మన ఇళ్ళలో రెండో దోమను పెంచుతుంది. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది. ఆ నెలలో మా పక్కింటి తాతగారు ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు ఎక్కించుకుంటూ, దోమలు లేని రోజుల్లో బెళ్ళందూరు చెరువు దగ్గర చేపలు కొన్న సంగతి చెప్పారు.

ప్రకృతి చేసే పని ఆగిపోయేదాకా అది పని అని మనకు తెలియదు. రాబందుల కథ దీనికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. మా అమ్మ చిన్నప్పుడు ఊరి బయట దిబ్బ మీద చచ్చిన ఎద్దును పడేస్తే మర్నాటికి ఎముకలు మిగిలేవట. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అనే మందు, ఆ పశువు చచ్చాక కళేబరంలోంచి రాబందులకు చేరి వాటి మూత్రపిండాలను పాడుచేసింది. ఒక దశాబ్దం పైచిలుకులో దేశంలోని రాబందుల్లో అత్యధిక భాగం అంతరించాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించేనాటికి ఆలస్యమైపోయింది. కుళ్ళే కళేబరాల దగ్గర వీధికుక్కలు పెరిగాయి, రేబీస్ భయం పెరిగింది, వాగుల్లో నీరు చెడింది. ఆర్థికశాస్త్రవేత్తలు ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రాబందులు పోవడం వల్ల 2000–2005 మధ్య సుమారు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయి. ఆ చనిపోయినవారిలో ఒక్కరి మరణ ధ్రువపత్రంలోనైనా రాబందు పేరు ఉండదు. బెంగళూరుకు దగ్గర్లో రామనగర కొండల మీద మిగిలిన కొద్దిపాటి రాబందుల కోసం 2012లో అభయారణ్యం ప్రకటించారు. ఒకసారి మా అమ్మాయిని తీసుకువెళ్ళాను. రెండు గంటలు మెడలు నొప్పి పుట్టేలా చూసినా ఒక్కటీ కనబడలేదు.

మళ్ళీ మా చెరువుకు వస్తాను. కోలారు జిల్లాలో చెరువులు వేలల్లో ఉన్నాయి గాని జీవనది లేదు. చెరువులు ఎండాక రైతులు బోర్లకు దిగారు. మా మామ తోటలో చివరి బోరు 1,200 అడుగులు. మా రాతినేలలో లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితి. అది దాటిన ఊళ్ళలో పిల్లల పళ్ళ మీద గోధుమ మచ్చలు పడతాయి, పెద్దలకు కీళ్ళు బిగుస్తాయి. మా తరగతిలో సగం మందికి ఆ పళ్ళే గనుక, తెల్లని పళ్ళున్నవాణ్ణి చూసి మేము టీచరు కొడుకు అనుకునేవాళ్ళం. కాబట్టి ఎక్కడినుంచి వచ్చినా నీళ్ళు రావడం మావాళ్ళకు చిన్న సంగతి కాదు. మామ బోరులో నీటిమట్టం పైకి వచ్చింది, కరెంటు ఖర్చు తగ్గింది, టమాటా రెండో పంట వేశాడు. నగరంలో కూర్చుని ఈ పథకాన్ని పూర్తిగా తప్పుపట్టే వ్యాసాలు చదివినప్పుడు నాకు మామ ముఖం గుర్తుకొచ్చి కోపం వస్తుంది.

అమ్మ మాటలు గుర్తుకొస్తే ఆ కోపం నిలవదు. 2018 జులైలో, నీళ్ళు మొదట చేరిన లక్ష్మీసాగర చెరువులోనే నురుగు లేచింది. హైకోర్టు కొంతకాలం సరఫరాను ఆపించింది. రెండు దశల శుద్ధితో మలినం చాలావరకు పోయినా, భాస్వరం, నత్రజని, కొన్ని రసాయనాలు మిగిలే అవకాశం ఉంది గనుక మూడో దశ శుద్ధి చేయాలని జిల్లాలో పోరాటాలు జరుగుతూనే ఉన్నాయి. అది న్యాయమైన కోరికే. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మరవ నీళ్ళు దక్షిణ పినాకినిలో కలిసి హొసూరు దగ్గర కెలవరపల్లి జలాశయంలోనూ నురుగు లేపుతున్నాయి. అక్కడా మన తెలుగువాళ్ళే పొలాలు తడుపుకుంటున్నారు.

రెండేళ్ళ కిందట మా చెరువు మరవ పారింది. మరవ పారితే గంగపూజ చేసి, పసుపు కుంకుమలు నీళ్ళలో వదలడం ఊరి ఆచారం. ముప్పై ఏళ్ళకు పైగా ఆ అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చేసరికి, ఈ నీళ్ళకు పూజ చెయ్యవచ్చునా అని ఊళ్ళో పెద్ద తగువు. మురుగుకు హారతి పడతామా అని కొందరు. గంగ ఏ దారిన వచ్చినా గంగే అని పూజారి. ఇవి కావేరి నీళ్ళే, బెంగళూరు కడుపులోంచి వచ్చాయి గాని అని మామ. చివరికి పూజ చేశారు, కాని ఎప్పటిలా ఆ నీళ్ళు తల మీద చల్లుకోలేదు. బోరు నీళ్ళు బిందెతో తెచ్చి చల్లుకున్నారు. అమ్మ కట్ట మీదికి వెళ్ళింది గాని నీటి అంచుదాకా పోలేదట. దక్కిన నీళ్ళు పంటకు పనికొచ్చాయి, పశువుకు పనికొచ్చాయి, దోసిట్లోకి తీసుకోవడానికి పనికిరాలేదు. ఈ నష్టాన్ని ఏ కొలతలో కొలవాలో నాకు తెలియదు.

సంక్రాంతినుంచి తిరిగివచ్చాక మా అపార్ట్‌మెంటు మురుగునీటి శుద్ధి యంత్రం లెక్కల పుస్తకం చూడటం నా వంతుగా తీసుకున్నాను. గాలి పంపు ఎన్ని గంటలు నడిచింది, బురద ఎప్పుడు తీశారు అన్నవి అందులో రాయాలి. మొదటి వారం చూస్తే నెల రోజుల అంకెలన్నీ ఒకే సిరాతో, ఒకే రోజు కూర్చుని రాసినట్టున్నాయి. సూపర్‌వైజరును అడిగితే, "ఇంతవరకు ఎవరూ చూడలేదు సార్" అన్నాడు. ఇప్పుడు ఆదివారం ఆదివారం కిందికి దిగి చూస్తున్నాను. తరువాత మామకు ఫోన్ చేసి చెరువు నీళ్ళ రంగు ఎలా ఉందని అడుగుతాను. పోయిన వారం కాస్త పచ్చగా తిరిగిందట. "ఏమయ్యా అల్లుడూ, మీరేమన్నా కొత్త సబ్బు మార్చినారా?" అని అడిగాడు. తమాషాకే అడిగాడు గాని, ఫోన్ పెట్టేశాక నేను స్నానాల గదిలోకి వెళ్ళి సబ్బుపొడి ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదివాను.